రెసిస్టర్ రెండోసారి కాలిందంటే తప్పు రెసిస్టర్‌ది కాదు

జయపురం నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2006 మోడల్ చిన్న పెట్రోల్ కారు. హీటర్ బ్లోయర్ (లోపలికి గాలి కొట్టే ఫ్యాను) ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగదు, నాలుగులో మాత్రం తిరుగుతుంది. కిందటి వానాకాలంలో రెసిస్టర్ (కింది స్పీడుల్లో మోటారుకి కరెంటు తగ్గించే ముక్క) మార్పించారు. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ అదే కథ. ఇప్పుడు నాలుగులో కూడా ఒక్కోసారి ఆగిపోతోంది, గతుకు తగిలితేనో డాష్‌బోర్డు మీద ఒకటి చరిస్తేనో మళ్లీ అందుకుంటోంది. ఒక మిస్త్రీ మోటారు పోయిందన్నాడు, ఇంకొకాయన వైరింగ్ మొత్తం మార్చాలన్నాడు, మూడో ఆయన బ్యాటరీ నుంచి డైరెక్టు వైరు లాగి పక్కన ఒక స్విచ్ బిగించేస్తానన్నాడు. మీకేమో సాలూరు వైపు దిగే పని తరచూ ఉంటుంది, సుంకి ఘాట్‌లో మంచు పట్టినప్పుడు ముందద్దం మసకబారిపోతోంది.

రాయగడలో ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవాడిని. ఈ కొండ ప్రాంతపు బళ్లలో బ్లోయర్ కంప్లయింట్లు చలికాలం మొదట్లో వరస కడతాయి, ఎందుకంటే ఎండాకాలమంతా నాలుగులో పెట్టుకుని ఏసీ వాడినవాళ్లకి కింది స్పీడులు పోయిన సంగతి అప్పుడే తెలుస్తుంది. మీ కేసులో మొదటాయన అన్నది నిజం కావచ్చు. కానీ ఆయన కొలిచి చెప్పాడా, ఊహించి చెప్పాడా అన్నది నాకు ముఖ్యం. మీరు రాసినదాంట్లో కొలత ఒక్కటి కూడా లేదు.

ముందు లక్షణమే ఏం చెబుతోందో చూద్దాం. నాలుగో నంబరు తిరుగుతోందంటే ఫ్యూజ్ ఉంది, ఇగ్నిషన్ నుంచి కరెంటు వస్తోంది, ఎర్త్ (బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి) దొరుకుతోంది, మోటారుకి ఇంకా ప్రాణం ఉంది. కింది మూడూ ఒకేసారి పోయాయంటే ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది రెసిస్టర్. మామూలు నాబ్ ఉన్న పాత బళ్లలో కింది స్పీడులు రెసిస్టర్ తీగ గుండా వెళ్తాయి, పై స్పీడు దాన్ని దాటేసి నేరుగా వెళ్తుంది. ఆ రెసిస్టర్ మీదే ఒక చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. మితిమీరి వేడెక్కితే అది తెగిపోతుంది, తెగితే మూడు స్పీడులూ ఒకేసారి చస్తాయి. కాబట్టి మీ రెసిస్టర్ మళ్లీ పోయిందని ఇక్కడ కూర్చునే చెప్పొచ్చు. ఒక్క రెండో నంబరు మాత్రమే పోయి ఒకటీ మూడూ తిరుగుతుంటే కథ వేరు, అప్పుడు స్విచ్ లోపలి కాంటాక్టునో ఆ ఒక్క వైరునో చూడాలి. నాలుగు ఒక్కటే పోయి మిగతావి తిరుగుతుంటే స్విచ్ చివరి కాంటాక్టు, లేదా కొన్ని మోడళ్లలో పై స్పీడుకి విడిగా పెట్టే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్).

అసలు ప్రశ్న అది ఎందుకు పోయిందన్నది. చచ్చినదాన్ని మార్చి చంపినవాణ్ణి లోపలే వదిలేస్తే కొత్తదాన్నీ చంపుతాడు. మీ బండిలో జరిగింది అదే.

లెక్క చూడండి. రెసిస్టర్ విలువ 2 ఓములు, మోటారు చుట్ట అర ఓము అనుకుందాం. మోటారు హాయిగా తిరుగుతున్నప్పుడు ఒకటో నంబరులో సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటే రెసిస్టర్ మీద పుట్టే వేడి 18 వాట్లు. తిరిగే మోటారు తనంతట తాను కొంత ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది కాబట్టే కరెంటు అంత తక్కువగా ఉంటుంది. అదే మోటారు బుష్ (ఇరుసు తిరిగే గుండ్రటి తొడుగు) ఎండి బిగుసుకుపోయి, ఒకటో నంబరులో కదలలేక నిలబడిపోయిందనుకోండి, ఎదురు వోల్టేజీ ఉండదు. 12 వోల్టులని రెండున్నర ఓములతో భాగిస్తే 4.8 ఆంపియర్లు. రెసిస్టర్ మీద వేడి 46 వాట్లు. రెసిస్టర్‌ని గాలి దారిలో బిగించేదే చల్లబడడానికి. మోటారు తిరగకపోతే ఆ గాలీ రాదు. వేడి రెండున్నర రెట్లు, చల్లదనం సున్నా. థర్మల్ ఫ్యూజ్ ఎంతసేపని తట్టుకుంటుంది?

గాలి తగ్గడానికి రెండో కారణం చెత్త. వైపర్ల కింద ఉండే జాలీలోంచి సిల్వర్ ఓక్ ఆకులు, నీలగిరి ఆకులు లోపలికి పోతాయి. కొరాపుట్ వైపు చెట్ల కింద ఆగే బళ్లలో బ్లోయర్ డబ్బా విప్పితే చాటెడు ఆకులు వస్తాయి, ఎలక గూడు ఉంటే గుడ్డపీలికలూ వడ్ల పొట్టూ అదనం. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఫిల్టరు మూసుకుపోతే మోటారుకి లోడు పెరిగి కరెంటు ఎక్కువ లాగుతుందనుకుంటారు. ఈ రకం గుండ్రటి పంజరం ఫ్యానులో గాలి దారి మూస్తే మోటారుకి పని తగ్గి కరెంటు తగ్గుతుంది, సౌండు సన్నబడి స్పీడు పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం అరచేత్తో మూసి చూడండి, తెలుస్తుంది. అయినా రెసిస్టర్ కాలేది దాని మీదికి రావలసిన గాలి రాకపోవడం వల్ల. ఆకులు ఫ్యాను రెక్కల్లో ఇరుక్కుని ఒరుసుకుంటే మాత్రం లోడు నిజంగానే పెరుగుతుంది.

ఇక మీ రెండో లక్షణం, నాలుగులో ఆగి ఆగి తిరగడం. దీని జవాబు మీటరు చెప్పాలి, నేను కాదు. కావలసినవి ఒక మామూలు మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు. టెస్ట్ ల్యాంపు అంటే ఇండికేటర్లలో వాడే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అతికించినది. ఎల్‌ఈడీ టెస్టరు వద్దు. ఎల్‌ఈడీకి చిటికెడు కరెంటు చాలు, తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన వైరులోంచి కూడా అది వెలిగి మిమ్మల్ని మోసం చేస్తుంది. మీటరు కూడా అంతే, లోడు లేకుండా కొలిస్తే కుళ్లిన వైరు చివర 12 వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు తాగుతుంది కాబట్టి వైరులో సత్తా లేకపోతే మసకగా వెలిగి బండారం బయటపెడుతుంది. ఒక హెచ్చరిక: డాష్‌బోర్డు కింద పసుపు రంగు కప్లర్లు (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో బల్బూ మీటరూ ఏదీ పెట్టకండి.

బ్లోయర్ ఎడమవైపు, గ్లవ్ బాక్స్ (డాష్‌బోర్డులో సామాన్లు పెట్టుకునే అర) వెనకాల ఉంటుంది. గ్లవ్ బాక్స్ విప్పితే మోటారు కప్లరు, కొంచెం పక్కన రెసిస్టర్ కప్లరు కనబడతాయి. మొట్టమొదట వాసన చూడండి, రంగు చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, ఒక పిన్ను చుట్టూ కరిగి మూతి వంకరపోయినా సగం జవాబు దొరికినట్టే. కప్లరుని ఊరికే పైనుంచి చూసి వదిలేయకండి, పీకి లోపలి పిన్నులు చూడండి. మంచి పిన్ను మెరుస్తుంది. వేడి తిన్న పిన్ను నల్లగానో నీలంగానో ఉండి, చేత్తో ఆడిస్తే వదులుగా కదులుతుంది.

తర్వాత మీ బండి ఏ రకమో తేల్చుకోవాలి. చాలా జపాన్ తరహా చిన్న కార్లలో మోటారుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, నాబ్ తిప్పితే ఎర్త్ దొరుకుతుంది. కొన్ని బళ్లలో దీనికి తిరగేసి ఉంటుంది. తాళం ఆన్ చేసి, నాబ్ సున్నాలో ఉంచి, కప్లరు తగిలించే ఉంచి, మోటారు రెండు పిన్నుల దగ్గరా బాడీకి మీటరు పెట్టి కొలవండి. రెండింటిలోనూ 12 వోల్టులు చూపిస్తే మీది ఎర్త్ వైపు స్విచ్ ఉన్న బండి. రెండింటిలోనూ సున్నా చూపిస్తే ప్లస్ వైపు. ఇది తేల్చుకోకుండా ఏ వైరునీ ఎర్త్‌కి తగిలించి చూడొద్దు. ప్లస్ వైపు స్విచ్ ఉన్న బండిలో అలా చేస్తే ఫ్యూజ్ టప్పున పోతుంది.

ఈ తేడా తెలిస్తే ఇంకో చిక్కుముడి కూడా విడిపోతుంది. ఎర్త్ వైపు స్విచ్ ఉన్న బండిలో మోటారు దాటాక వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజ్ పోదు. నాబ్ సున్నాలో ఉన్నా బ్లోయర్ ఫుల్లుగా తిరుగుతూనే ఉంటుంది. దెయ్యం పట్టిందంటూ మా దగ్గరికి వచ్చే బళ్లలో ఇదొక రకం. నాబ్ సున్నాలో ఉండగానే తాళం తిప్పగానే ఫ్యూజ్ పోతుంటే మాత్రం మోటారు కంటే ముందున్న వైరులోనే షార్ట్ ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి, నాబ్ నాలుగులో పెట్టండి. మోటారు కప్లరు వెనకనుంచి రెండు పిన్నుల దగ్గరికీ మీటరు సూదులు గుచ్చి, అది తనంతట తాను ఆగేదాకా కాచుకోండి. ఆగగానే అలవాటు కొద్దీ డాష్‌బోర్డు చరచకండి. చరిచేముందు మీటరు చూడాలి. చరిచారంటే సాక్ష్యం మీ చేత్తో మీరే చెరిపేసినట్టు, మళ్లీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు.

మోటారు ఆగి ఉండగా ఆ రెండు పిన్నుల మధ్య బ్యాటరీ వోల్టేజీ చూపిస్తే వైరింగ్ తన పని తాను చేస్తోంది, తప్పు మోటారు లోపల ఉంది. చాలావరకు తిరిగే చుట్టకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి స్ప్రింగ్ చివరికి వచ్చేసి ఉంటాయి. స్క్రూడ్రైవరు పిడితో మోటారు వీపు మీద మెల్లగా తడితే లేచి తిరుగుతుంది. సున్నాకి దగ్గరగా చూపిస్తే మోటారుకి చేరాల్సిన కరెంటే చేరడం లేదు. అప్పుడు ఒక సూది బాడీకి పెట్టి మోటారు ప్లస్ పిన్ను కొలవండి. ఎర్త్ వైపు స్విచ్ ఉన్న బండిలో అక్కడ 12 ఉంటే తెగింది ఎర్త్ వైపు, అంటే స్విచ్, దాని కప్లరు, బాడీ ఎర్త్ బోల్టుల్లో ఏదో ఒకటి. 12 లేకపోతే తెగింది ఫ్యూజ్ వైపు. ఇంత చిన్న పరీక్షతో మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరు కరెక్టో తేలిపోతుంది.

ఆగకుండా బాగానే తిరుగుతూ ఉన్నా ఒక కొలత తీసుకోండి. మీటరు ఒక సూదికి పొడుగు వైరు కలిపి బ్యాటరీ ప్లస్ మీద పెట్టి, రెండోది మోటారు ప్లస్ పిన్ను మీద పెట్టి, బ్లోయర్ నాలుగులో తిప్పండి. మీటరులో కనబడేది దారిలో పోయిన వోల్టేజీ. అర వోల్టు దాకా నేను పట్టించుకోను. ఒక వోల్టు దాటితే దారిలో దొంగ ఉన్నాడు. రెండో సూదిని మోటారు దగ్గర్నుంచి ఫ్యూజ్ దాకా ఒక్కో కప్లరూ వెనక్కి జరుపుకుంటూ రండి, రీడింగు ఒక్కసారిగా ఎక్కడ పడిపోతే ఆ జాయింటే దొంగ. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి మోటారు రెండో పిన్నుకి. ఒక జాయింటులో 1.4 వోల్టులు పోయి, మోటారు 12 ఆంపియర్లు తాగుతుంటే ఆ చిటికెనవేలంత జాగాలో పుట్టే వేడి దాదాపు 17 వాట్లు. రేడియో రిపేరువాళ్ల చిన్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ప్లాస్టిక్ ఎందుకు కరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో చూడాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరు కావాలి. ఇళ్ల వైరింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండే మామూలు క్లాంపు ఏసీ మాత్రమే కొలుస్తుంది, దాంతో పని జరగదు. మల్టీమీటరు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి కొలవబోకండి, బ్లోయర్ స్టార్టింగులోనే అంతకంటే ఎక్కువ లాగొచ్చు. మోటారు ఓములు కొలవడం కూడా దండగ. మంచి మోటారే అర ఓము దగ్గర ఉంటుంది, చవక మీటరు సూదుల్లోనే అంత పోతుంది.

కొలతలు మోటారు వైపు చూపిస్తే దాన్ని కిందికి దింపండి. కింది నుంచి మూడు స్క్రూలు, ఒక కప్లరు, కొన్నిట్లో చల్లగాలి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం. మీకు గ్యారేజీ అక్కర్లేదు, కాస్త నడుము వంచగలిగితే చాలు. ఫ్యానుని వేలితో తోసి వదలండి. మంచి మోటారు లోపలి అయస్కాంతాల వల్ల మెత్తమెత్తగా పట్టుకుంటూ కాసేపు తిరిగి ఆగుతుంది. తోసిన చోటే ఆగినా, ఇసుకలో తిరిగినట్టు గరగరమన్నా, ఇరుసు అటూఇటూ ఊగినా బుష్ పోయినట్టే. మీరు చెప్పిన చిహ్నాలన్నీ కలిపి చూస్తే నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే: బుష్ ఎండి రెసిస్టర్‌ని చంపుతోంది, బ్రష్‌లు అరిగి నాలుగులో ఆగుతోంది. మోటారు ఒక్కటే, జబ్బులు రెండు. ఉదయం చలికి మొదట్లో కీచుమని కాసేపటికి సర్దుకుంటుందా అన్నది మీరు రాయలేదు. అలా అరుస్తుంటే నా అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

బుష్ ఎండడమే అయితే రెండు కొసలా ఒక్కో చుక్క మిషన్ ఆయిల్ వేసి, అదనం తుడిచేస్తే కొంతకాలం నడుస్తుంది. కొబ్బరినూనె వేయొద్దు, మన చలికి గడ్డకడుతుంది. డబ్బా స్ప్రేలు బ్రష్‌ల మీద కొట్టొద్దు. బ్రష్‌లు అరిగి ఉంటే కొలతకు సరిపోయేవి వేయించొచ్చు, కానీ కమ్యూటేటరు (బ్రష్‌లు ఆనుకునే రాగి భాగం) మీద గాట్లు పడితే కొత్త బ్రష్‌లు కూడా ఎన్నాళ్లో ఉండవు, మోటారే మార్చండి. అలాంటప్పుడు పాత మోటారుకి ఖర్చు పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

రెసిస్టర్ కొనేటప్పుడు థర్మల్ ఫ్యూజ్ ఉందో లేదో చూసి కొనండి. చవకరకాల్లో కొన్నిటికి అది ఉండదు, తీగ ఎర్రగా కాలుతూ ప్లాస్టిక్ డబ్బా లోపల కూర్చుంటుంది. తెగిన థర్మల్ ఫ్యూజ్‌ని వైరుముక్కతో కలిపేసి పంపేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోకండి. దాన్ని సాల్డర్ చేసి కొత్తది పెడతామన్నా జాగ్రత్త, సాల్డరింగ్ వేడికే అది తెగిపోతుంది, క్రింపు చేయాలి (నొక్కి బిగించాలి). కరిగిన కప్లరుని అలాగే ఉంచి కొత్త రెసిస్టర్ గుచ్చితే డబ్బులు నీళ్లలో పోసినట్టే. వైర్లతో సహా కొత్త కప్లరు దొరుకుతుంది. కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గట్టి క్రింపు, పైన స్లీవు ఉండాలి. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక వానాకాలం కూడా ఆగదు. ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, బిగించాక కొంచెం వ్యాజలీన్ రాయండి. ఇది బరంపురం, ఇచ్ఛాపురం వైపు సముద్రపు గాలి తినే బళ్లకి మరీ ముఖ్యం.

డైరెక్టు వైరు గురించి. పెళ్లికి బయల్దేరి దారిలో ఆగిపోతే ఒక పూటకి పర్వాలేదు. అది కూడా బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టి. ఎప్పటికీ అలాగే ఉంచితే తాళం తీసినా తిరుగుతుంది, బ్యాటరీ కూర్చుంటుంది. మోటారు బిగుసుకుంటే ఆపేవాడు ఉండడు. ఫ్యూజ్ పెద్దది వేసే అలవాటు దానికంటే ప్రమాదం. బ్లేడు ఫ్యూజుల్లో నీలం 15, పసుపు 20, తెలుపు 25, ఆకుపచ్చ 30. ఫ్యూజ్ బాక్స్ మూత మీద 20 అని ఉన్నచోట ఆకుపచ్చది కనబడితే మీకంటే ముందు ఎవరో ఈ జబ్బుని దాచిపెట్టారని అర్థం. వైరింగ్ మొత్తం మార్చాలన్న సలహాని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒక్క కప్లరు కోసం ఇల్లంతా తవ్వనక్కర్లేదు.

బ్లోయర్ బాగానే తిరుగుతున్నా వేడి గాలి రాకపోతే అది కూలెంటు, థర్మోస్టాటు, హీటరు కేబులుకి సంబంధించిన సంగతి, వేరే ప్రశ్నగా అడగండి. డిజిటల్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న బళ్లలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూలు ఉంటుంది, పైన చెప్పిన ఎర్త్ పరీక్షలు వాటి మీద చేయకండి.

రిపేరు అయ్యేలోపు ఘాట్ దిగాల్సి వస్తే నాలుగులోనే పెట్టండి, కింది నంబర్లు తిప్పకండి. లోపలి గాలి లోపలే తిరిగే సెట్టింగు తీసేసి బయటి గాలికి మార్చండి. వేడి నాబ్‌తో పాటు ఏసీ కూడా ఆన్ చేస్తే గాలిలోని తేమ పోయి అద్దం త్వరగా తేరుకుంటుంది. బ్లోయర్ నాలుగులో కూడా ఆగిపోతే రెండువైపులా అద్దాలు రెండు వేళ్ల మందం దించి మెల్లగా పోనివ్వండి. బయల్దేరేముందు ముందద్దం లోపలివైపు జిడ్డు శుభ్రంగా తుడవండి, ఆ పొర ఉంటే మసక ఇట్టే పడుతుంది.

మోటారు దింపినప్పుడే వైపర్ల కింద జాలీ ఎత్తి ఆకులు తీసి, నీళ్లు పోయే రంధ్రాలు చూడండి. ఎడమవైపు కాళ్ల దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెడితే తడి తగిలిందా, ఆ నీళ్లు బ్లోయర్ మీదుగానే దిగుతున్నాయి. మోటారు మార్చేముందు ఆ నీళ్లు కారడం ఆపాలి.

కొలిచాక మూడు అంకెలు ఇక్కడ రాయండి: ఆగినప్పుడు మోటారు రెండు పిన్నుల మధ్య ఎంత, నాలుగులో తిరుగుతున్నప్పుడు ప్లస్ వైపు ఎంత పోయింది, ఎర్త్ వైపు ఎంత పోయింది. రెసిస్టర్ కప్లరు లోపలి ఫొటో కూడా పెట్టండి. కొనాల్సింది మోటారా, కప్లరా, స్విచ్చా అన్నది అప్పుడు చెబుతాను.